ప్లాస్టిక్ ట్యూబుకు పంక్చరు పడితే



పంక్చరు వేయడం గురించి కూడా ఒక ప్రసంగం కావాలా అని మీకు అనిపించవచ్చు. చేయి తిరిగిన మేస్త్రీ పది నిమిషాల్లో ముగించే పని అది. సైకిలు తొక్కడం నేర్చుకున్న ప్రతి పిల్లవాడూ చక్రం పక్కన గొంతుకు కూర్చుని ఆ పని చూసినవాడే. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచడం, బుడగలు ఎక్కడ లేస్తాయో చూడడం, ఆకురాయితో గీకడం, సొల్యూషన్ రాసి ఆరనివ్వడం, ప్యాచ్ అతికించి సుత్తితో నాలుగు దెబ్బలు తట్టడం, ఇదంతా మనకు చూపులతోనే కంఠస్థమైన విద్య.

అయితే ఈ మధ్య కొన్నేళ్లుగా ఆ అంగళ్లకు కొత్త రకం ట్యూబు ఒకటి వస్తోంది. అది నల్లగా ఉండదు. నారింజ రంగులోనో, గులాబీ రంగులోనో, అవతలి వస్తువు మసకగా కనిపించేటట్టు పారదర్శకంగానో ఉంటుంది. మడిస్తే గుప్పిట్లో ఇమిడిపోతుంది. నలిపితే చిన్నగా చప్పుడవుతుంది. దీనికి పంక్చరు పడినప్పుడు మనకు తెలిసిన మందు వేస్తే అతకదు. ఎందుకు అతకదు, మరి దేనితో అతుకుతుంది, ఎలా అతికించాలి అన్నదే ఈ రోజు మన విషయం.

ముందుగా ఈ ట్యూబు మన దాకా ఎలా వచ్చిందో చూద్దాం. సెలవు రోజుల్లో తెల్లవారకముందే దేవనహళ్లి, చిక్కబళ్లాపురం రోడ్ల మీద తలకు హెల్మెట్లు, వెనక ఎర్ర దీపాలు పెట్టుకుని బారులు తీరి పోయే సైకిళ్లను ఆ ప్రాంతం శ్రోతలు చూసే ఉంటారు. వాళ్లు బెంగళూరు నుంచి బయలుదేరి నంది కొండ ఎక్కి దిగి పోతారు. సముద్ర మట్టానికి 1478 మీటర్ల ఎత్తున్న కొండ అది. హోసూరు వైపు, కోలారు వైపు వెళ్లేవారూ ఉన్నారు. మరికొందరు బ్రెవే అనే దూరప్రయాణాలు చేస్తారు. 200 కిలోమీటర్ల దూరాన్ని 13న్నర గంటలలోగా పూర్తి చేయాలి. ఇది పందెం కాదు, కాలంతో పెట్టుకున్న ఒప్పందం. వెనకాల సామాన్ల కారు వెంట రాకూడదు. దారిలో వచ్చిన కష్టం ఎవరికి వారే తీర్చుకోవాలి. లేదా దారి పక్క ఊళ్లో ఎవరైనా తీర్చాలి.

అలా కొండ ఎక్కేవారికి చక్రంలో ప్రతి గ్రాము బరువూ లెక్కే. వాళ్లు వాడే సన్నని చక్రాలకు సరిపోయే నల్ల రబ్బరు ట్యూబు సుమారు 100 గ్రాములు తూగుతుంది. అదే కొలతలో ఈ ప్లాస్టిక్ ట్యూబు 25 నుంచి 40 గ్రాముల లోపే ఉంటుంది. సంచీలో పెట్టుకున్నా చోటు పట్టదు. ధర మాత్రం నల్ల ట్యూబుకు కొన్ని రెట్లు. అంత డబ్బు పెట్టి కొన్న వస్తువుకు చిన్న ముల్లు గుచ్చుకుంటే అవతల పారేయలేరు కదా! దగ్గర్లో కనిపించిన పంక్చరు అంగడి ముందు ఆగుతారు.

అక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. మేస్త్రీ ఎప్పటిలాగే గీకి, సొల్యూషన్ రాసి, ప్యాచ్ వేస్తాడు. చూడడానికి అతికినట్టే ఉంటుంది. 80 పౌండ్ల గాలి కొట్టగానే ప్యాచ్ అంచు కింద నుంచి గాలి దారి చేసుకుంటుంది. ఊరు దాటేలోగా చక్రం మళ్లీ చతికిలబడుతుంది. ఒకవేళ అది కొండ దిగేటప్పుడు, ములుపు దగ్గర జరిగితే మనిషి కిందపడే ప్రమాదం కూడా ఉంది. పడినవాడు నింద ఎవరి మీద వేస్తాడు? "ఆ అంగడాయనకు పని రాదు" అంటాడు. ముప్పై ఏళ్ల నుంచి వేలాది చక్రాలకు ప్రాణం పోసిన చేతికి ఒక్క పూటలో చెడ్డపేరు వస్తుంది. తప్పు చేతిది కాదు, మందుది. అంచేత ఈ సంగతి సైకిలు తొక్కేవారికీ తెలియాలి, పంక్చరు వేసేవారికీ తెలియాలి.

మందు ఎందుకు పట్టదో తెలుసుకోవాలంటే రబ్బరుకూ ప్లాస్టిక్‌కూ ఉన్న తేడా తెలియాలి. ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పినట్టే చెబుతాను. ఇడ్లీ పిండి తీసుకోండి. ఆవిరి మీద ఒకసారి ఉడికి ఇడ్లీ అయ్యాక దాన్ని మళ్లీ పిండిగా చేయగలమా? చేయలేం. ఇప్పుడు బెల్లం తీసుకోండి. వేడి చేస్తే కరిగి పాకం అవుతుంది, చల్లారితే గడ్డ కడుతుంది. మళ్లీ వేడి చేస్తే మళ్లీ కరుగుతుంది. మన నల్ల ట్యూబు ఇడ్లీ జాతిది. కొత్త ట్యూబు బెల్లం జాతిది.

రబ్బరులో అణువులు పొడుగాటి దారపు పోగుల్లా ఉంటాయి. పచ్చి రబ్బరులో ఆ పోగులు ఒకదాని మీద ఒకటి జారుతూ ఉంటాయి కాబట్టి అది ఎండకు జిగురుగా, చలికి పెళుసుగా మారుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అమెరికా దేశస్థుడు రబ్బరును గంధకంతో కలిపి వేడి చేస్తే గట్టిపడుతుందని కనిపెట్టాడు. గంధకం ఆ పోగుల మధ్య ముడులు వేస్తుంది. దీనినే వల్కనైజేషన్ అంటారు. ఒకసారి ముడి పడిందంటే ఇక అది కరగదు. 1888లో బెల్‌ఫాస్ట్ నగరంలో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపే సైకిలు టైరుకు పేటెంటు తీసుకున్నాడు. నిజానికి అంతకు ముందే, 1845లోనే, రాబర్ట్ విలియం థామ్సన్ అనే ఆయన గాలి టైరుకు పేటెంటు పొందాడు. కానీ అప్పటికి అది వాడుకలోకి రాలేదు. ఆ తర్వాత 1937లో అమెరికాలో థామస్, స్పార్క్స్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు బ్యూటైల్ రబ్బరు తయారుచేశారు. చెట్టు పాల నుంచి వచ్చే రబ్బరు కంటే ఇది గాలిని ఎన్నో రెట్లు బాగా నిలుపుతుంది. ఈనాడు మన సైకిళ్లలో ఉన్న నల్ల ట్యూబులు ఎక్కువగా ఈ బ్యూటైల్‌వే.

విచిత్రమేమంటే, అదే 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ అనే శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి పాలీయురిథేన్ అనే పదార్థాన్ని కనుగొన్నాడు. మన ఇళ్లలో పరుపుల స్పాంజి, చెప్పుల అట్టలు, రంగుల పూతలు, ఇలా ఎన్నో రూపాల్లో అది ఇప్పుడు మనతో ఉంది. అందులో వేడికి కరిగి, చల్లారితే గట్టిపడుతూ రబ్బరులా సాగే రకం ఒకటుంది. దాన్ని థెర్మోప్లాస్టిక్ పాలీయురిథేన్ అంటారు. పొడి అక్షరాల్లో టి.పి.యు. సెల్‌ఫోన్లకు తొడిగే మెత్తని కవర్లు చాలావరకు ఈ జాతివే. ఆ కవరును వేళ్లతో సాగదీసి చూస్తే ఈ ట్యూబు గుణం మీకు సగం అర్థమవుతుంది. ఈ పదార్థంతో ఆస్ట్రియా దేశపు ట్యూబోలిటో, జర్మనీ దేశపు ష్వాల్బే వంటి కంపెనీలు సైకిలు ట్యూబులు చేస్తున్నాయి. ఇప్పుడు చాలా పేర్లతో ఇవి అమ్ముడుపోతున్నాయి. ట్యూబు మీదో, పెట్టె మీదో టి.పి.యు. అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. మేస్త్రీ మొదట చూడవలసింది అదే.

ఇక సొల్యూషన్ సంగతి. పంక్చరు సొల్యూషన్ అంటే పెట్రోలు జాతి ద్రావకంలో కరిగించిన రబ్బరు. దాన్ని నల్ల ట్యూబు మీద రాసినప్పుడు ఆ ద్రావకం ట్యూబు పైపొరలోకి కొంచెం ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది. ద్రావకం ఆవిరయ్యాక పలచని రబ్బరు పొర మిగులుతుంది. మంచి రకం ప్యాచ్ వేస్తే, ప్యాచ్ అడుగున ఉన్న పచ్చి రబ్బరుకూ ఈ పొరకూ మధ్య వేడి లేకుండానే ముడులు పడతాయి. అంటే చిన్న ఎత్తున గుడ్‌ఇయర్ చేసిన పనే ఆ చెట్టు కింద మళ్లీ జరుగుతోందన్న మాట. కొన్నాళ్లకు ప్యాచ్ వేరు, ట్యూబు వేరు అనిపించనంతగా కలిసిపోతాయి.

ప్లాస్టిక్ ట్యూబు మీద ఈ రెండు పనుల్లో ఏదీ జరగదు. పెట్రోలు జాతి ద్రావకం దానిలోకి ఇంకదు. నీళ్ల మీద నూనె నిలిచినట్టు పైపైనే ఉండి ఆరిపోతుంది. ముడులు వేయడానికి దాంట్లో రబ్బరు పోగులే లేవు. అందుకే ఎండిన సొల్యూషన్‌ను గోటితో పట్టి లాగితే ఉల్లిపొరలాగా ఊడి వస్తుంది. ఇదే మీకు పరీక్ష కూడా.

సొల్యూషన్ పట్టలేదు కదా అని కొందరు వేడి ప్యాచ్ వేద్దామనుకుంటారు. లారీ ట్యూబులకు బిగించి కాల్చే వల్కనైజింగ్ యంత్రం మీద దీన్ని పొరపాటున కూడా పెట్టవద్దు. ఇందాక చెప్పాను, ఇది బెల్లం జాతి. ఆ వేడికి మెత్తబడి, ముడుచుకుని, చిల్లి ఉన్నచోట పెద్ద బొక్క పడుతుంది.

మరి దేనితో అతుకుతుంది? దీనికోసం ప్రత్యేకంగా చేసిన ప్యాచ్‌లు రెండు రకాలు. మొదటిది, వెనక కాగితం తీసి నేరుగా అతికించేది. దీనికి జిగురు వేరే అక్కరలేదు. రెండవది, ప్లాస్టిక్ ప్యాచ్‌తో పాటు చిన్న గొట్టంలో దానికి తగిన జిగురు ఇచ్చేది. ట్యూబు కంపెనీలే ఈ కిట్లు అమ్ముతాయి. నల్ల ట్యూబుల కోసం దొరికే కాగితం తీసి అతికించే ప్యాచ్‌లలో కూడా కొన్ని వీటికి బాగానే పట్టుకుంటాయి. కొన్ని పట్టుకోవు. కొనేటప్పుడే టి.పి.యు.కు పనికొస్తుందని పెట్టె మీద ఉందో లేదో చూసుకోవడం మంచిది.

ఇప్పుడు పని మొదలుపెడదాం. చక్రం ఊడదీసి గాలి పూర్తిగా వదలండి. టైరు అంచు రిమ్ము మీద నుంచి లేపడానికి స్క్రూడ్రైవరు, చెంచా కాడ వంటివి వాడవద్దు. ఈ ట్యూబు గోడ పలచన. ఇనుప మొన తగిలితే ఉన్న చిల్లికి తోడు ఇంకొకటి పడుతుంది. ప్లాస్టిక్ టైరు లీవర్లు వాడండి, లేదా బొటనవేళ్లతోనే నెట్టండి. ట్యూబును బయటికి లాగేటప్పుడు అది టైరులో ఏ వైపు ఉందో గుర్తు పెట్టుకోండి. చిల్లి దొరికాక అదే చోట టైరులో ముల్లు వెదకడానికి ఆ గుర్తు పనికొస్తుంది.

తరువాత గాలి. ఇక్కడ చాలా జాగ్రత్త అవసరం. నల్ల ట్యూబును మనం చిల్లి వెదకడానికి లావుగా ఉబ్బేదాకా కొడతాం. గాలి తీయగానే అది మళ్లీ చిక్కిపోతుంది. ప్లాస్టిక్ ట్యూబు అలా కాదు. టైరు బయట ఎక్కువ గాలి కొడితే సాగి, సాగినట్టే ఉండిపోతుంది. ఒకచోట బుడ్డలా లేచి పగిలినా పగులుతుంది. కాబట్టి గొట్టం గుండ్రంగా నిలబడేంత గాలి చాలు. చేతి పంపుతో నాలుగైదు సార్లు కొడితే సరిపోతుంది.

అంత తక్కువ గాలితో చిల్లి కనిపెట్టడం కష్టమే. ముల్లు చేసిన చిల్లి సూది మొనంత ఉంటుంది. ట్యూబును చెంపకో, పెదవికో దగ్గరగా పెట్టి మెల్లగా తిప్పండి. చల్లని ఊపిరిలా తగులుతుంది. తెలియకపోతే నీళ్ల తొట్టి ఉండనే ఉంది. నీళ్లలో ముంచి, చిన్న చిన్న ముక్కలుగా వేళ్ల మధ్య కొద్దిగా నొక్కుతూ పోతే సన్నని బుడగల దండ లేస్తుంది. చిల్లి మీద కాకుండా దానికి నాలుగు వైపులా కాస్త దూరంలో పెన్నుతో గీతలు పెట్టండి. ప్యాచ్ పడే చోట సిరా ఉండకూడదు. రెండో చిల్లి ఉందేమో ట్యూబంతా చూడడం మరువవద్దు.

చిల్లిని చూస్తేనే దాని కథ తెలుస్తుంది. టైరు వైపు ఒకే చిల్లి ఉంటే అది ముల్లో, మేకో, గాజు పెంకో. మన ప్రాంతపు రోడ్లకు ముల్లు కొత్త కాదు. కర్ణాటకలో బళ్లారి జాలి అనీ, మన తెలుగు పల్లెల్లో సర్కారు తుమ్మ అనీ పిలిచే కంప ఒకటి. పల్లేరుగాయ మరొకటి. కన్నడంలో నెగ్గిలు, తమిళంలో నెరుంజి, మరాఠీలో గోఖరూ అంటారు దీన్ని. ఇంగ్లీషులో ఆ మొక్కకు పంక్చరు తీగ అనే అర్థం వచ్చే పేరే పెట్టారంటే దాని ప్రతాపం ఎంతటిదో ఊహించండి. అలా కాక రెండు చిల్లులు పాము కాటులా పక్కపక్కన ఉంటే, గాలి తక్కువగా ఉండి గుంటలో పడినప్పుడు ట్యూబు రిమ్ముకూ టైరుకూ మధ్య నలిగిందన్న మాట. చిల్లి లోపలి వైపు, అంటే స్పోకుల వైపు ఉంటే, రిమ్ము లోపల చుట్టిన టేపు జరిగి స్పోకు కొసో, రంధ్రం అంచో గుచ్చుకుందని అర్థం. ఆ టేపు సరిచేయకుండా ఎన్ని ప్యాచ్‌లు వేసినా ఫలితం ఉండదు.

వాల్వు మొదట్లో కారుతుంటే ముందు వాల్వు మర వదులైందేమో చూసి బిగించండి. వాల్వు ట్యూబుకు అతికిన చోటే విడిపోతే అది బాగయ్యేది కాదు. అలాగే పొడుగ్గా చీలిన ట్యూబు, రెండు కొసలు కలిపిన అతుకు దగ్గర విచ్చిన ట్యూబు ప్యాచ్‌కు నిలవవు. ఆ మాట గిరాకీకి ముందే చెప్పేయడం మేలు.

చిల్లి దొరికింది. ఇక శుభ్రం చేయాలి. ప్లాస్టిక్ ట్యూబు విషయంలో పనంతా దాదాపు ఇక్కడే ఉంది. ఆకురాయి ముట్టుకోవద్దు. నల్ల ట్యూబు మందం కాబట్టి గీకుడు తట్టుకుంటుంది, ఇది తట్టుకోదు. కిట్‌లో సన్నని గరుకు కాగితం ఇచ్చి ఉంటే దాంతోనే, అందులో చెప్పినంత మేరకే తేలిగ్గా రుద్దండి. ఇవ్వకపోతే అసలు రుద్దవద్దు. తడి పూర్తిగా ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన గుడ్డతో ప్యాచ్ వేసే చోటు కంటే కొంచెం ఎక్కువ మేర తుడవాలి. చెమట, జిడ్డు, టైరులోని పౌడరు అంతా పోవాలి.

ఆ ఆల్కహాలు ఎక్కడ దొరుకుతుందని దిగులు పడనక్కరలేదు. ఇంజెక్షనుకు ముందు చర్మం తుడిచే చిన్న తడి పొట్లాలు మందుల అంగట్లో అమ్ముతారు. చక్కెర జబ్బు వాళ్లు కొంటూనే ఉంటారు. వాటిలో ఉండేది సాధారణంగా ఇదే. అవి చవక, ఒక్కో పంక్చరుకు ఒక్కటి చాలు. చేతులకు రాసుకునే శానిటైజరు వాడవద్దు. చర్మం ఎండిపోకుండా అందులో గ్లిజరిన్ వంటివి కలుపుతారు. ఆ జిడ్డు మీద ప్యాచ్ పట్టదు. కిరసనాయిలు, పెట్రోలు కూడా జిడ్డు పొర వదులుతాయి. రంగులకు వాడే థిన్నరు, గోళ్ల రంగు తుడిచే అసిటోను ఇంకా ప్రమాదం. అవి ఈ ప్లాస్టిక్‌నే మెత్తబరిచి పాడుచేస్తాయి.

తుడిచిన తడి ఆరేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఊదవద్దు, నోటి తేమ చేరుతుంది. వేలితో తాకి చూడవద్దు. ఇప్పుడు ట్యూబులో ఉన్న కొద్ది గాలి కూడా వదిలి, గట్టి చదును పలక మీద ముడతలు లేకుండా పరవండి. కాగితం తీసే ప్యాచ్ అయితే జిగురు భాగం వేలికి తగలకుండా అంచు పట్టుకుని, చిల్లి సరిగ్గా మధ్యకు వచ్చేటట్టు ఒక్కసారే ఆనించండి. ఆనించాక లేపి సర్దవద్దు. నడుమ నుంచి అంచులకు బొటనవేలితో గట్టిగా తోస్తూ లోపలి గాలి బుడగలు బయటికి పంపండి. తర్వాత చెంచా వీపుతో ఒకటి రెండు నిమిషాలు బాగా రుద్దండి. సుత్తి పని ఇక్కడ లేదు. జిగురు గొట్టం ఉన్న కిట్ అయితే పలచగా ఒకే పూత వేయండి. ఎంతసేపు ఆరబెట్టాలి, ఎంతసేపు నొక్కిపట్టాలి అన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. కిట్‌లోని కాగితం మీద రాసినట్టే చేయాలి. సొల్యూషన్ అలవాటు ఇక్కడ పనికిరాదు.

అతికించాక కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచండి. ఈలోగా టైరు లోపల పని చూసుకోవచ్చు. గుడ్డ ముక్క ఒకటి చుట్టూ మెల్లగా తిప్పితే ముల్లు ఉన్నచోట నూలు చిక్కుకుంటుంది. వేలితో నేరుగా తడిమితే వేలికే గుచ్చుకుంటుంది. ముల్లు తీయకుండా ట్యూబు ఎక్కిస్తే మన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

పంక్చరు వేశాక ట్యూబును బయటే గాలి కొట్టి నీళ్లలో ముంచి పరీక్షించడం మన మేస్త్రీలకు అలవాటు. మంచి అలవాటే, కానీ ఈ ట్యూబుకు కాదు. బయట గాలి కొడితే ట్యూబు సాగుతుంది, ప్యాచ్ అంత సాగదు. అంచు లేచిపోతుంది. నేరుగా టైరులో పెట్టేయండి. టైరు గోడ ప్యాచ్‌ను వెనక నుంచి నొక్కిపట్టి ఉంచుతుంది. మొదట కొంచెం గాలి కొట్టి, ట్యూబు ఎక్కడా టైరు అంచు కింద నలగలేదని రెండు వైపులా చుట్టూ చూసి, ఆ తరువాత పూర్తి గాలి కొట్టండి.

గాలి కొట్టడంలోనూ ఒక ముక్క చెప్పాలి. ఈ సైకిళ్ల వాల్వు మన వాల్‌ట్యూబు వాల్వు లాంటిది కాదు. సన్నగా, కొసన చిన్న మరతో ఉంటుంది. ఆ మర వదులు చేస్తేనే గాలి పోతుంది. మన పంపు దానికి నేరుగా కుదరదు. నడుమ చిన్న ఇత్తడి అడాప్టరు బిగించాలి. పైగా చాలా ప్లాస్టిక్ ట్యూబులకు వాల్వు కాడ కూడా ప్లాస్టిక్‌దే. పంపు మూతిని వంకరగా లాగితే కాడ విరుగుతుంది.

సైకిలు తొక్కేవారికి రెండు మాటలు. ఈ ట్యూబు టైరు కొలతకు సరిగ్గా సరిపోయేదే కొనాలి. వెడల్పు టైరులో ఒకసారి వాడి సాగిన ట్యూబును సన్నని టైరులో పెడితే ముడత పడి అక్కడే తెగుతుంది. రెండవది, రిమ్మును పట్టుకునే బ్రేకులున్న సైకిలు అయితే పెట్టె మీద రాసింది చదవండి. కొండ దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు పడితే రిమ్ము వేడెక్కుతుంది. కొన్ని ట్యూబులను డిస్క్ బ్రేకులకు మాత్రమే అని కంపెనీలే చెబుతున్నాయి. ఎంత దూరం వెళ్లినా సంచీలో ప్యాచ్‌లతో పాటు విడి ట్యూబు ఒకటి పెట్టుకోండి. మీ ట్యూబు ఏ జాతిదో అంగట్లో దిగగానే చెప్పండి. ఆ మాట చెప్పకుండా పని చెడితే తప్పు మేస్త్రీది కాదు.

పంక్చరు అంగళ్ల వారికి కూడా ఒక మనవి. మీ పెట్టెలో టి.పి.యు. ప్యాచ్‌ల పొట్లం ఒకటి, ఆల్కహాలు పొట్లాలు పది, ఇత్తడి అడాప్టరు ఒకటి ఉంటే చాలు. పెట్టుబడి పెద్దది కాదు. మీ దగ్గర మిగతాదంతా ఉంది. చిల్లిని కనిపెట్టే చెవి ఉంది, ముల్లు వెదికే వేలు ఉంది, ఆరేదాకా ఆగే ఓర్పు ఉంది. ఇవి ఏ కిట్‌లోనూ రావు. పనికి తగిన కూలి అడగండి. ఖరీదైన ట్యూబు కాపాడినందుకు ఇచ్చేవారు ఇస్తారు. ప్యాచ్ లేని రోజు వస్తే, "దీనికి మా సొల్యూషన్ పట్టదు, నల్ల ట్యూబు వేసుకుని పోండి" అని చెప్పి పంపండి. అలా చెప్పగలగడం కూడా పనితనమే.

ఇది విని మనమూ ప్లాస్టిక్ ట్యూబులకు మారాలా అని ఎవరైనా అడిగితే, అక్కరలేదనే చెబుతాను. పాలక్యాన్లు మోసే సైకిలుకు, పొలానికి పోయే సైకిలుకు, బడికి పోయే పిల్లల సైకిలుకు నల్ల ట్యూబును మించింది లేదు. చవక, మొరటుతనానికి తట్టుకుంటుంది, ఏ ఊళ్లో చిల్లి పడినా ఆ ఊళ్లోనే బాగవుతుంది. కర్ణాటక ప్రభుత్వం 2006-07లో ఎనిమిదో తరగతి పిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఎన్నో పల్లెల పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, హైస్కూలు దగ్గరైంది. ఆ చక్రాలను నడిపించింది నల్ల ట్యూబూ, దారి పక్క పంక్చరు అంగడీనే. పంక్చరు పడిన పూట పిల్ల బడికి రాగలదా లేదా అన్నది ఆ అంగడి తెరిచి ఉందా లేదా అన్నదాని మీదే ఆధారపడేది.

చివరగా ఒక హెచ్చరిక. ఇక పనికిరాదని తేల్చిన ప్లాస్టిక్ ట్యూబును చలిమంటలో వేయకండి. పాలీయురిథేన్ కాలితే విషవాయువులు వస్తాయి. నల్ల ట్యూబును కాల్చినా ఆ పొగ మంచిది కాదు. అయితే నల్ల ట్యూబుకు మన ఇళ్లలో రెండో జన్మ ఉంది. సామాన్లు కట్టే తాడు అవుతుంది, కిటికీ రెక్కకు వాషరు అవుతుంది. ప్లాస్టిక్ ట్యూబు కరిగి మళ్లీ రూపు దాల్చగల జాతి కాబట్టి, దాన్ని విడిగా పక్కన పెట్టి పాత ప్లాస్టిక్ కొనేవారికి ఇవ్వడం మేలు.

మొత్తం మీద గుర్తు పెట్టుకోవలసింది కొంచెమే. గీకవద్దు, కాల్చవద్దు, సొల్యూషన్ రాయవద్దు. ఆల్కహాలుతో తుడవండి, తగిన ప్యాచ్ వేసి గట్టిగా నొక్కండి, టైరులో పెట్టాకే పూర్తి గాలి కొట్టండి. వీటన్నిటికంటే ముందు, చక్రం విప్పకముందే, ఒక్క ప్రశ్న వేయండి: ఇది రబ్బరా, ప్లాస్టిక్కా?